నిమ్మకాయల మీద నడిచిన సర్వర్

"మేడం, మిషిన్ను బయటికి గుంజుదమా, లోపల్నే కడగాల్నా?"

ఈ మాట అడిగినప్పుడు వాచ్‌మన్ చేతిలో నీళ్ల పైపు ఉంది. దాని కొస నుంచి కారిన నీళ్లు అప్పటికే సర్వర్ గది గడప దాకా వచ్చాయి. నేనింకా చెప్పులు కూడా విడవలేదు, టిఫిన్ డబ్బా చేతిలోనే ఉంది.

"ఏ మిషినన్నా?" అని అడిగాను, తెలిసి కూడా.

"గదే, మీ మిషిను. ఫోర్క్‌లిఫ్టు కడిగిన. ట్రాక్టరు కడిగిన. జల్లెడలకు గాలి కొట్టిచ్చి తుడిసిన్రు. ఇగ మీదొక్కటే మిగిలింది. పెద్దవ్వ ఆయుధ పూజకు వచ్చేయాల్లకు అన్ని మెరవాలన్నరు."

నేను డబ్బా కింద పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడి, ఇది నీళ్లతో కడిగేది కాదని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఏడాదికొక్కసారి కూడా స్నానం చేయించని మిషిన్‌కు నేను ఏం తల్లినని అనుకుని ఉంటాడు. "పోనీ తడిగుడ్డతోనన్న తుడుస్త," అని బేరానికి దిగాడు. చివరికి పొడిగుడ్డ దగ్గర రాజీ కుదిరింది.

వేరే పనుల్లోంచి ఈ కంప్యూటర్ నెట్‌వర్కుల పనిలోకి రావాలనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు నన్ను సలహా అడుగుతుంటారు. ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి అని. అవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. ఆ రోజు సంగతి మాత్రం ఏ కోర్సులోనూ చెప్పరు. పిల్లలు పడుకున్నాక దొరికే కొంచెం సమయంలో అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది జీవశాస్త్రం. జడ్చర్లలో ఒక ప్రైవేటు బడిలో కప్ప గుండెకు ఎన్ని గదులుంటాయో చెప్పే పని చేసేదాన్ని. కరోనా వచ్చి బడి ఫోన్లలోకి మారినప్పుడు, తోటి టీచర్ల ఫోన్లన్నీ నా దగ్గరికి వచ్చేవి. ఎందుకు రాదో, ఎందుకు వినపడదో వెతకడం కప్ప గుండె కన్నా బాగుందనిపించింది. చిన్నవాడిని ఒళ్లో వేసుకుని నెట్‌వర్కింగ్ కోర్సు చేశాను. నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. గ్యాసు కట్టేశానా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఈ పనికి అదే సగం అర్హత అని తర్వాత తెలిసింది.

ఊరి బయట, హైవే పక్కన ఉన్న ఒక విత్తనాల ప్లాంటులో ఉద్యోగం దొరికింది. పల్లి విత్తనం శుభ్రం చేసి, ఏరి, సంచుల్లో నింపి పంపే ప్లాంటు అది. ఇంటర్వ్యూలో మేనేజర్ సారు ఒక్కటే ప్రశ్న అడిగాడు: "ఏసీ గదిల ఒక్కదానివే కూసోవాలమ్మా, భయం గాదా?" ఇద్దరు చిన్నపిల్లల తల్లిని తలుపున్న గదిలో ఒంటరిగా కూర్చోబెడతానంటే, జీతం గురించి అడగడం కూడా మరిచిపోయి ఒప్పుకున్నాను.

పండుగ నాటికి నేనింకా పర్మనెంటు కాలేదు. "దసరా ఎల్లంగనే పెద్ద సారుతోటి మాట్లాడుత, మిమ్ముల ఉంచుడా వద్దా అని," అన్నాడు మేనేజర్ సారు. ఆయన మంచివాడే. కానీ ఆ మాట ఆయన వాన వస్తుందో రాదో చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం దాని మీదే ఇల్లు నిలబడి ఉంది. నా భర్త ఆర్టీసీలో కండక్టర్. ఉద్యోగం పోతే జడ్చర్లలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, నారాయణపేట దగ్గరున్న మా అత్తగారి ఊరికి పోవాలని ఇంట్లో అప్పటికే అనుకున్నాం. వెనక్కి పోదామంటే ఆ బడి కూడా లేదు, దాన్ని ఫంక్షన్ హాలు చేశారు.

ఆ రోజు నవమి. తెల్లారితే దసరా, ప్లాంటుకు సెలవు. వనపర్తి, అచ్చంపేట దిక్కు మంచి వాన పడింది, భూమిలో పదను ఉంది. రైతులు యాసంగి పల్లి వేయడానికి విత్తనం కోసం ఎదురుచూస్తున్నారు. రాత్రే నింపిన లారీలు గేటు లోపల వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో లారీని కాంటా మీద తూచి, బిల్లు తీసి, గేటు పాసు ఇస్తే తప్ప బయటికి పోవు. కాంటా, బిల్లు, పాసు మూడూ నా సర్వర్ మీదే నడుస్తాయి. ఇదంతా తెలిసిన మనుషులు ప్లాంటులో ఇద్దరే. ఒకరు నేను. రెండోవారు మేనేజర్ సారు, ఆయనకూ సగమే తెలుసు.

పెద్దవ్వ కారు దిగింది. ప్లాంటు యజమాని పెద్ద సారుకు తల్లి. ఆయన హైదరాబాద్‌లో ఉండి ఫోన్ల మీద ప్లాంటు నడిపిస్తే, ఆమె జడ్చర్లలో ఉండి ఆయన్ని నడిపిస్తుందని అందరూ అనుకునేవాళ్లు. ఆయుధ పూజ ప్రతి ఏడాది ఆమె చేతి మీదుగానే జరుగుతుంది. జల్లెడలకు, సంచులు కుట్టే మిషిన్లకు, అచ్చు వేసే మిషిన్‌కు బంతిపూల దండలు వేసి, బొట్లు పెట్టి, చివరికి నా గది దగ్గరికి వచ్చింది. నిరుడు ఈ గదికి తాళం వేసి ఉండటంతో ఆమె చూడలేదట. ఈసారి తలుపు తీయగానే చల్లగాలి తగిలి ఆగిపోయింది.

"ఏం సల్లగున్నదే. దేవుని అర్ర లెక్క. కుర్సీ ఎయ్యుండ్రి."

కుర్చీ వేశారు. ఇక ఆమె లేవలేదు. ప్లాంటులో ఉన్న ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ తలుపు దగ్గర గుమిగూడారు. పూజ మీద భక్తి కొంత, ఏసీ మీద భక్తి కొంత.

"ఇది ఏం చేస్తదే బిడ్డా?"

"లెక్కలన్నీ ఇందులోనే ఉంటయవ్వా. ప్లాంటుల ఎవరు ఏం కొట్టినా ఇక్కడికే వస్తది."

"అట్లనా. అయితే పెద్ద ఆయుధమే ఇది. బందు చెయ్యి మరి. పూజల పెట్టిన ఆయుధాన్ని తెల్లారేదాంక ముట్టొద్దు."

"అవ్వా, ఇది బందు చేస్తే లారీలు బయటికి పోవు."

"ఎందుకు పోవు? లారీలకు డ్రైవర్లున్నరు గద."

మేనేజర్ సారు కల్పించుకుని, గేటు దగ్గర ఇచ్చే కాగితం ఈ మిషిన్ నుంచే వస్తుందని చెప్పాడు. చేత్తో రాయరాదా అని ఆమె అడిగింది. సర్కారు బిల్లు చేత్తో రాయనియ్యరు అని ఆయన అన్నాడు. "పండుగ నాడు సర్కారు మాత్రం పూజ చేసుకోదా?" అని ఆమె అంది. ఇరుకున పడ్డప్పుడల్లా మేనేజర్ సారు నా వైపు తిరిగి, "మేడం, జర చూసుకోండి," అనేవాడు. అప్పుడూ అదే అన్నాడు.

నేను తల వంచుకుని నిలబడ్డాను. తల వంచుకోవడం వల్ల నాకు చక్రాలు కనిపించాయి. సర్వర్, తీగలు కలిసే పెట్టె, బ్యాటరీ అన్నీ ఒక ఇనుప బీరువాలో ఉంటాయి. అటూ ఇటూ జరపడానికి దాని కింద నాలుగు చిన్న చక్రాలు ఉంటాయి. లారీలను కడిగి, బొట్టు పెట్టాక తెల్లారేదాకా ఆపరు, ఇంజిను స్టార్టు చేసి ఒక చుట్టు నడుపుతారు. అది పొద్దుటి నుంచి కళ్లారా చూస్తున్నాను.

"అవ్వా, ఇది పనిముట్టు గాదు," అన్నాను. "బండి."

"బండా?"

"చక్రాలున్నయి చూడు."

అందరూ వంగి చూశారు. చూసి ఎవరి మాట వాళ్లు మొదలుపెట్టారు. చక్రాలున్నంత మాత్రాన బండి కాదు, మా ఇంట్ల సిలిండరు కింద గూడ చక్రాలున్నయి అని సంచులు కుట్టే ఆయన అన్నాడు. జల్లెడల మేస్త్రి అటు మొగ్గాడు. విత్తనం ఏరే ఆడవాళ్లు బండే అన్నారు. ఎందుకంటే బండి అయితే పూజ తొందరగా అయిపోతుంది, ఇంటికి పోయి పిండివంటలు చేసుకోవచ్చు. ఇంతలో పాసు ఎప్పుడిస్తారో అడగడానికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. పెద్దవ్వ ఆయన్ని పట్టుకుంది.

"నువ్వు చెప్పు కొడుకా. బండ్ల సంగతి నీకు ఎరుక. ఇది బండేనా?"

ఆయన చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు.

"చక్రాలైతే ఉన్నయవ్వా. కానీ స్టీరింగు లేదు."

"రైలుకు గూడ స్టీరింగు ఉండదన్నా," అన్నాను నేను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరుకు మోస్తదా?"

"మీ లారీలు మోసే సరుకు లెక్కంతా ఇదే మోస్తది."

"అయితే బండే," అని తేల్చి, ఆయన బయటికి వెళ్లి చెప్పులేసుకున్నాడు.

నేను గెలిచాననుకున్నాను. ఎంతసేపు అనుకున్నానంటే, పెద్దవ్వ కుర్చీలో వెనక్కి ఆనుకుని, "బండైతే నడవాలె. నిమ్మకాయలు తేండి," అనేదాకా.

బండి పూజలో చక్రానికొక నిమ్మకాయ పెట్టి, బండిని వాటి మీదుగా పోనిస్తారు. అవి చితికితే దిష్టి పోతుంది. బండి అని నేనే వాదించాను. ఇప్పుడు నడవని బండి అని వాదించడానికి నాకు ముఖం లేదు.

ఆ బీరువాను కదిలించాలంటే సర్వర్‌ను పద్ధతిగా ఆపాలి. పైకప్పు నుంచి దిగి పెట్టెలో గుచ్చుకున్న తీగలన్నీ ఊడదీయాలి. వాటిలో ఏది ఎక్కడికి పోతుందో రాసి లేదు. నా కన్నా ముందు పనిచేసినాయనకు అన్నీ నోటికి వచ్చేవట. ఆయన నోరు ఇప్పుడు గల్ఫ్‌లో ఉంది. ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకోకుండా ఊడదీస్తే లారీల సంగతి అంతే.

ముందు లెక్కలన్నిటికీ నకలు తీసుకున్నాను. ఒకటి తీసి, అది సరిగ్గా వచ్చిందో లేదోనని మళ్లీ ఒకటి తీశాను.

"ఏం చేస్తాంది పిల్ల?" అని పెద్దవ్వ మేనేజర్ సారును అడిగింది.

"నకలు తీస్తున్నరవ్వా. ఒకటి పోతే ఇంకోటి ఉండాలని."

"మంచిదే. మా అత్త గూడ గందుకే ఇద్దరు కొడుకులను కన్నది."

తీగలకు అంటించడానికి చీటీలు కావాలి. సంచుల మీద చీటీలు అచ్చువేసే మిషిన్ ఉంది కానీ, దాని మెడలో అప్పటికే దండ పడింది. అది నికార్సయిన పనిముట్టు, తెల్లారేదాకా ముట్టడానికి లేదు. నేను తీగల ముందు నిలబడి చెమటలు కక్కుతుంటే, విత్తనం ఏరే అక్కల్లో ఒకామె పర్సులోంచి బొట్టు బిళ్లల అట్ట తీసింది.

"ఇవి అంటవెట్టరాదు మేడం? మస్తు రంగులున్నయి."

నేను ఆమె ముఖం చూశాను. పండుగ కదా, అక్కడున్న ఆడవాళ్లందరి పర్సుల్లో అట్టలున్నాయి. తీగకొక బొట్టు, అది దిగే రంధ్రం పక్కన అదే బొట్టు. ఎర్రది కాంటాకు. ఆకుపచ్చది గేటుకు. నల్లది బిల్లుల గదికి. కుదుపుకు తెగుతుందేమోనని సర్వర్‌ను పెట్టెకు కలిపే పొట్టి తీగను కూడా ఊడదీయాలనుకున్నాను, దానికి రెండు కొసలా మెరూన్ రంగుది. రాళ్లు పొదిగిన మెరుపు బొట్టు మిగిలితే మేనేజర్ సారు గది తీగకు పెట్టాం. ఆయన దగ్గరికి వచ్చి చూసి సంతోషపడ్డాడు.

సర్వర్ ఆగింది. నేను వచ్చినప్పటి నుంచి ఎప్పుడూ ఆగని ఆ ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయేసరికి గదిలో అందరూ గొంతు తగ్గించారు. పెద్దవ్వ నన్ను దగ్గరికి పిలిచి, "మీ ఇండ్లల్ల ఆయుధ పూజ ఎట్ల చేస్తరే?" అని అడిగింది.

"మేం చెయ్యమవ్వా. చర్చికి పోతం. ప్రార్థన చేసుకుంటం."

అందరూ నా వైపు చూశారు. నేను పెద్దవ్వ వైపు చూశాను.

"మరి గమ్మున నిలబడ్డవేంది? నీది నువ్వు చెయ్యి," అంది. "రెండు దిక్కుల నుంచి ఉంటది."

నేను కళ్లు మూసుకుని నిజంగానే ప్రార్థన చేశాను. అంత సూటిగా ఎన్నడూ చేయలేదు. ప్రభువా, ఈ సర్వర్ మళ్లీ లేవాలి అని మాత్రమే అడిగాను.

నలుగురు మగవాళ్లు బీరువాను నెట్టారు. మొదటి నిమ్మకాయ చితికింది. రెండోది చితికింది. మూడోది పక్కకు దొర్లి బీరువా కిందికి పోయింది, దాన్ని చీపురుతో బయటికి లాగి మళ్లీ పెట్టారు. నాలుగో చక్రం నేలకు ఆనడమే లేదు. గచ్చు అక్కడ కొంచెం పల్లం. చక్రం గాల్లో తిరుగుతూ నిమ్మకాయను ముద్దాడి వదిలేస్తోంది.

"నాలుగు పలగాలె," అంది పెద్దవ్వ.

మేనేజర్ సారు ఆ మూల మీద తన బరువంతా మోపాడు. మనిషి దిట్టంగా ఉంటాడు. నిమ్మకాయ పేలింది. రసమంతా ఆయన పండుగ ప్యాంటు మీద పడింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బయట వాచ్‌మన్ గుమ్మడికాయ కొట్టాడు.

బీరువాను వెనక్కి జరిపి, బొట్టుకు బొట్టు చూసుకుంటూ తీగలు గుచ్చాను. మీట నొక్కాను. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఫ్యాన్లు గుర్రుమన్నాయి. నాకు ఏడుపొచ్చింది. పెద్దవ్వ హారతి వెలిగించమంది. సరిగ్గా అప్పుడే, తీగలు కలిసే పెట్టె మీది చిన్న చిన్న ఆకుపచ్చ లైట్లన్నీ ఒక్కసారిగా మిలమిలా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎప్పుడూ అవి ఒకటి ఇటు, ఒకటి అటు, తీరిగ్గా మెరుస్తాయి. ఇప్పుడు బతుకమ్మల నాటి కరెంటు దండల్లాగా అన్నీ కలిసి ఊపిరాడకుండా మెరుస్తున్నాయి.

"అమ్మ వచ్చింది," అంది పెద్దవ్వ. చేతులు జోడించింది. అందరూ జోడించారు.

నేను జోడించలేదు. లైట్లు అంత వేగంగా మెరిస్తే దాని అర్థం నాకు తెలుసు. ఒకే తీగ రెండు కొసలూ అదే పెట్టెలో దిగితే ఇలా అవుతుంది. మన బస్తీలో ఒక పుకారు బయల్దేరి, నాలుగిళ్లు తిరిగి, మొదలుపెట్టినామె చెవికే కొత్త సంగతిలాగా వచ్చి, ఆమె మళ్లీ చెప్పడం మొదలుపెట్టినట్టు. అదే మాట తిరిగి తిరిగి, ఇంకో మాటకు సందు ఉండదు. కాంటా పలకదు, బిల్లు రాదు, గేటు పాసు రాదు.

అనుకున్నట్టే కాంటా దగ్గర కూర్చునే ఆయన పరుగెత్తుకొచ్చాడు. "మేడం, తెర మీద గుండ్రంగ తిరుగుడే తిరుగుడు. లారీ కాంటా మీదనే ఉన్నది. డ్రైవర్లు లొల్లి వెడుతున్నరు."

నా మోచేతికి ఏదో అంటుకున్నట్టుంటే చూసుకున్నాను. మెరూన్ బొట్టు. చెమటకు తీగ మీది నుంచి ఊడి నా చేతికి వచ్చింది. సర్వర్‌లో గుచ్చాల్సిన ఆ కొసను, బొట్టు లేదు కదా అని, పెట్టెలోనే ఖాళీగా కనిపించిన రంధ్రంలో గుచ్చేశాను. ఒక్క తీగ ఊడదీసి, ఒక్క జాగా మారిస్తే చాలు. చెయ్యి ముందుకు చాపాను.

"ఆగు," అంది పెద్దవ్వ. "హారతి నడుస్తుంటె ముడుతరానే?"

హారతి పాట మొదలైంది. ఒకామె పాడింది. అయిపోయిందనుకునేలోగా ఇంకొకామె తమ ఊరి పాట ఎత్తుకుంది. ఆమెను చూసి మూడో ఆమెకు పౌరుషం వచ్చింది. బయట లారీల హారన్లు మొదలయ్యాయి. పాడేవాళ్లు హారన్లకు గొంతు పెంచారు. డ్రైవర్లు పాటకు హారన్లు పెంచారు. నేను ఆ తీగ వైపే చూస్తూ నిలబడ్డాను. లైట్ల వెలుగులో అందరి ముఖాలూ ఆకుపచ్చగా వెలిగిపోతున్నాయి. ఇంత మంది ఒక నెట్‌వర్క్ చెడిపోవడాన్ని ఇంత ప్రేమగా చూడటం ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు.

పళ్లెం దిగగానే తీగ లాగి, సర్వర్‌లో గుచ్చాను. లైట్లు ఒక్కసారి ఆగి, తర్వాత ఎప్పటిలాగా ఒకటీ అరా మెరవసాగాయి. కాంటా నుంచి కేక వినపడింది, "వచ్చింది, వచ్చింది," అని. గదిలో మాత్రం చావు ఇంట్లోలాగా ఉంది.

"ఏం చేసినవే?" అంది పెద్దవ్వ. "అమ్మ ఎల్లిపోయింది."

"అవ్వా, అది తీగ తప్పు పెడితే వచ్చిన మెరుపు. తప్పు నాదే. సరిచేసిన."

"తప్పయితే గంత కళ ఉంటదా? మల్ల పెట్టు."

"పెడితే లారీలు ఆగుతయవ్వా."

మేనేజర్ సారు నన్ను పక్కకు పిలిచాడు. నిమ్మరసం వాసన వస్తోంది. "మేడం, ఒక్క పది నిమిషాలు పెట్టరాదు, అవ్వ మనసు కోసం. పెద్ద సారు పొద్దుమూకకముందే వస్తున్నడు అవ్వను తీస్కపోతందుకు. ఆమె ఎట్ల చెప్తె ఆయన గట్ల వింటడు. మీ సంగతి గూడ ఆయన చేతుల్నే ఉన్నది."

నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాదు. బస్సులో నా సీట్లో ఎవరైనా కూర్చుంటే నేనే లేచి నిలబడతాను. ఆ రోజు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు.

"సారూ, పెడితే లారీలు ఆగినయని నన్ను పంపిస్తరు. పెట్టకపోతే అవ్వ చెప్పిందని పంపిస్తరు. ఎట్లయిన పోయేదే ఉంటే, లారీలనన్న పోనిద్దం."

ఆయన తన ప్యాంటు చూసుకుని, గేటు వైపు వెళ్లాడు. లారీలు ఒక్కొక్కటీ కాంటా ఎక్కి, దిగి, గేటు దాటాయి. తీర్పు చెప్పిన డ్రైవరు కిటికీలోంచి నా గది వైపు చూసి ఒక హారను కొట్టి పోయాడు.

పెద్దవ్వ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కోపం చేయలేదు. పోయిన లైట్ల వైపు చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా చిన్నవాడి చేతిలో బుడగ పగిలిపోయినప్పటి ముఖం అది. నాకు తట్టుకోవడం చేతకాలేదు. గది మూలన పాత సామానులో, పక్కన పడేసిన ఇంకో పెట్టె ఉంది. పాతదే, కానీ బతికే ఉంది. దాన్ని తుడిచి, అరలో పెట్టి, కరెంటు ఇచ్చి, దేనికీ కలపకుండా, తీగల ముక్కలు తెచ్చి వాటి రెండు కొసలూ అందులోనే గుచ్చాను. నా ల్యాప్‌టాప్‌ను ఒక్క క్షణం దానికి తగిలించి తీసేశాను. పుకారు పుట్టించడానికి ఒక్క మాట చాలు కదా. పెట్టె మీది లైట్లన్నీ మిలమిలా మొదలుపెట్టాయి. దాన్నుంచి ఎక్కడికీ ఏమీ పోదు. దానికి ఏమీ రాదు.

"అగో," అంది పెద్దవ్వ.

పెద్ద సారు వచ్చేసరికి ఆ పెట్టెకు దండ, బొట్టు, ముందర ఊదుబత్తి. అసలు సర్వర్ వెనక నుంచి గుర్రుమంటోంది, దాని వైపు ఎవరూ చూడలేదు. ఆయన తల్లి చెప్పిందంతా విన్నాడు. ఆ లైట్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కంపెనీ ఇంత జోరుగ నడుస్తాందా?" అని మేనేజర్ సారును అడిగాడు.

"నడుస్తాంది సార్," అన్నాడు మేనేజర్ సారు.

"సార్, అది దేనికీ కలిపి లేదు. ఊకెనే మెరుస్తది," అని నేను అన్నాను. అబద్ధం నిలబెట్టుకునే ధైర్యం నాకు లేదు. ఆయన నవ్వాడు. నాది వినయం అనుకున్నాడట, తర్వాత మేనేజర్ సారు చెప్పాడు.

"ఈ పిల్లను పోనియ్యకురా," అంది పెద్దవ్వ కారెక్కుతూ. "చేతిల కళ ఉన్నది."

ఆ సాయంత్రమే నన్ను పర్మనెంటు చేశారు. నేను ఆ ప్లాంటులో ఇంకా కొన్నేళ్లు పనిచేశాను. తీగలన్నిటికీ చీటీలు పెట్టాను, ఆ పుకారు మళ్లీ చుట్టూ తిరగకుండా కట్టుదిట్టం చేశాను, గడప ఎత్తు పెంచి కట్టించాను. వీటి గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. హైదరాబాద్ నుంచి ఎవరు వచ్చినా ముందుగా ఆ మెరిసే పెట్టెనే చూపించేవాళ్లు. నేను వేరే చోటికి మారాక, నా జాగాలో చేరిన అబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, ఒక పెట్టె దేనికి కలిపి లేదు, ఊకె మెరుస్తాంది. తీసెయ్యాల్నా?" అని. పెద్దవ్వను అడిగి తీయమన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒక్కటే, గుర్తింపు ఉంటుందా అని. ఉంటుంది. మీరు అనుకున్న పనికి వస్తుందని మాత్రం చెప్పలేను.

ఆ నవమి రాత్రి నేను ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకున్నారు. మర్నాడు దసరా పొద్దున నా భర్త స్పెషల్ బస్సు డ్యూటీకి వెళ్లిపోయాడు. లేచి చూస్తే మా అమ్మాయి తన పుస్తకాలు, తమ్ముడి చెప్పులు ఒక సంచిలో సర్దుకుని, దాన్ని తలుపు దగ్గర పెట్టి కూర్చుంది. ఊరికి పోవాలేమోనని మేం మాట్లాడుకున్నది విన్నది. చిన్నవాడు కూడా పక్కనే కూర్చున్నాడు, వాడికి సంగతి తెలియదు కానీ అక్క కూర్చుంది కాబట్టి.

"మమ్మీ, నీ కొలువు ఉన్నదా?" అని అడిగింది.

ఉందన్నాను. ఏం చేస్తే ఉంచిన్రు అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. నిమ్మకాయల దగ్గర ఇద్దరూ పడి పడి నవ్వారు. కానీ అది నా పిల్ల కదా, నవ్వు ఆగగానే మళ్లీ భయం వచ్చింది. "ఆ పెట్టె ఏ పని చెయ్యదు గద. వాళ్లకు తెలిస్తె?"

నేను దాన్ని దగ్గరికి తీసుకుని చెప్పాను: "తెల్వనియ్యి. నేను చెప్పిన, వాళ్లే నమ్మలే. ఆడ రెండు పెట్టెలున్నయి బిడ్డా. ఒకటి ఊకె మెరుస్తది, దానికి అందరు దండం వెడుతరు. ఇంకోటి వెనకకుండి లారీలను పంపిస్తది, దాన్ని ఎవ్వరు చూడరు. మీ అమ్మకు కొలువిచ్చింది మొదటిదాన్ని చూసి. మీ అమ్మ కొలువు చేసేది మాత్రం రెండోదానికాడ. అది మంచిగ నడిచినన్ని దినాలు మనమీడనే ఉంటం. ఇగ లే, సంచిలకెల్లి తమ్ముని చెప్పులు తియ్యి, వాడు బయటికి పోతనంటున్నడు."